మైకు మాస్టారి ఎర్ర గుండీలు

3వ తేదీ, సోమవారం

ఈ నోటుపుస్తకం మా ఆవిడది. కుట్టుకి వచ్చేవాళ్ల కొలతలు రాసుకోవడానికి తెచ్చుకుంది. అడక్కుండా తీసుకున్నాను. మొదటి పేజీలో ఎవరిదో భుజం కొలత ఉంది, దాన్ని వదిలేసి రెండో పేజీ నుంచి మొదలుపెడుతున్నాను.

రెండు రోజుల ట్రైనింగు అయిపోయింది. వెళ్లేటప్పుడు తిట్టుకుంటూ వెళ్లాను. ఇరవై రెండేళ్లుగా కరెంటు వైరింగు చెప్తున్నవాడికి పాఠం ఎలా చెప్పాలో ఇంకొకరు నేర్పడమేమిటి? తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. అంత హుషారుగా ఉంది.

ఏం చేశారంటే, అయిదుగురు మాస్టర్లని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న ఇచ్చారు. తుప్పు పట్టిన బోల్టు ఊడి రావడం లేదు, ఏం చేస్తారు? అంతే, చెప్పి ట్రైనింగు ఆయన పక్కకి వెళ్లిపోయాడు. నూనె అన్నాను నేను. వెల్డింగు మాస్టారు వేడి చెయ్యాలన్నాడు. వడ్రంగం మాస్టారు సుత్తితో నెమ్మదిగా తట్టాలన్నాడు. కుట్టు నేర్పే టీచరమ్మ అప్పటిదాకా నోరు మెదపలేదు. చివర్లో చిన్నగా, "విప్పే ముందు ఒక్క పిసరు బిగించే వైపు తిప్పి చూడండి, పట్టు వదులుతుంది. నా మిషను మరలకి అలాగే చేస్తాను" అంది. బిగించే వైపు. ఇరవై రెండేళ్లలో నాకు తట్టలేదు. ఇదే మాట ఎవరో బోర్డు మీద రాసి చెప్పి ఉంటే నోట్సు రాసుకుని అక్కడే మరిచిపోయేవాణ్ణి. ఇక చచ్చేదాకా మరిచిపోను.

గ్రూప్ డిస్కషన్ అంటే ఇంతే. నలుగురిని కూర్చోబెట్టాలి, మంచి ప్రశ్న ఇవ్వాలి, మాస్టారు నోరు మూసుకోవాలి. మొదటి రెండూ నాకు వచ్చు.

రోజూ రాసుకోమన్నాడు ట్రైనింగు ఆయన. ఎవరికీ చూపించక్కర్లేదు, అబద్ధం మాత్రం రాయొద్దు అన్నాడు. రాయను.

4వ తేదీ, మంగళవారం

పొద్దున్నే ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచారు. నాకంటే పదేళ్లు చిన్నావిడ. కూర్చోమని, మంచినీళ్లు ఇప్పించి మరీ చెప్పారు.

"మాస్టారూ, పోయిన టెస్టులో పందొమ్మిది మందిలో పదకొండు మంది తప్పారు."

"పిల్లలు వినడం లేదు మేడమ్."

"ఇరవై నాలుగున ఇన్‌స్పెక్షను. ఇద్దరు ఆఫీసర్లు మీ క్లాసులోనే కూర్చుంటారట. వాళ్లు బాగుందంటే సరే. లేదంటే వచ్చే నెల నుంచి ఈ బ్యాచ్ కొత్తగా చేరిన మాస్టారికి ఇచ్చేస్తాను. మీరు స్టోరు చూసుకుందురు గాని."

స్టోరు అంటే మెట్ల కింద గది. ఒక కిటికీ, దానికి జాలీ. వైరు చుట్టలు, స్క్రూల డబ్బాలు, ఎవరైనా వచ్చి కటింగ్ ప్లేయరు అడిగితే సంతకం పెట్టించుకుని ఇవ్వడం. నాకు క్లాసు లేకపోతే ఏముంది? పిల్లలు వెనకాల నన్ను మైకు మాస్టారంటారని తెలుసు. నా గొంతు గేటు దాకా వినపడుతుంది. దాన్ని తీసుకెళ్లి స్క్రూల మధ్య పెడతారట.

"నేను గ్రూప్ డిస్కషన్‌తో చెప్తాను మేడమ్. ఇన్‌స్పెక్షనుకి అదే చూపిస్తాను" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి చూశారు. "మీరా? మీరు మాట్లాడకుండా ఉండగలరా?"

ఏం, ఉండలేనా?

5వ తేదీ, బుధవారం

మొదటి డిస్కషను. అదిరిపోయింది.

ప్రశ్న: స్విచ్చు ఆపినా బల్బు సన్నగా మినుకుమంటోంది, ఎందుకు? నలుగురైదుగురు చొప్పున నాలుగు గుంపులు చేశాను. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆ గోల వినాలి. పక్క క్లాసు మాస్టారు తొంగి చూసి వెళ్లాడు.

పెద్దాయన కూడా మాట్లాడాడు. ఈయన నలభై నాలుగేళ్ల మనిషి, పద్నాలుగేళ్లు వాచ్‌మన్‌గా చేసి ఇప్పుడు పని నేర్చుకుందామని చేరాడు. "సార్, నాకు ఫేజు, న్యూట్రలు తిరగబడిపోతాయి. వచ్చే వైరు, పోయే వైరు అనుకుందామా?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ క్లాసంతా వెంటనే వచ్చే వైరు, పోయే వైరు అనేసింది. ఇరవై రెండేళ్లు నేను బోర్డు మీద రాసిన పేర్లు పది నిమిషాల్లో పోయాయి. భలే ఉంది.

నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. చివర్లో మాత్రం కాస్త చెప్పాను, స్విచ్చుని వచ్చే వైరుకి కాకుండా పోయే వైరుకి బిగిస్తే ఇలా అవుతుంది, అప్పుడు స్విచ్చు ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది, ముట్టుకుంటే పోతారు అని. ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది.

6వ తేదీ, గురువారం

ముప్ఫై అయిదు నిమిషాలు చెప్తే అది డిస్కషను కాదట. మా ఆవిడ అంటోంది. పీరియడు ఎంతని అడిగింది. నలభై అయిదు అన్నాను. చేతిలో సూది ఆపి నా వైపు చూసి మళ్లీ కుట్టుకుంది.

7వ తేదీ, శుక్రవారం

ఒక సమస్య. లాయరు ఒక్కడే మాట్లాడుతున్నాడు. వాడికి ఆ పేరు క్లాసు పెట్టింది. ఇరవై ఏళ్లుంటాయి, నోరు తెరిస్తే వాదనే, తప్పు చెప్పినా గట్టిగా చెప్తాడు. వాడి గుంపులో మిగతావాళ్లు తల ఊపే బొమ్మల్లా కూర్చుంటున్నారు. వాణ్ణి చూస్తుంటే చిన్నప్పుడు నేనెలా ఉండేవాణ్ణో గుర్తొచ్చింది.

అదే గుంపులో మూగనోము ఉంది. ఆ పేరు నేను పెట్టాను, మనసులోనే. ఈ అమ్మాయి జనవరి నుంచి వస్తోంది, హాజరు పలకడం తప్ప గొంతు వినలేదు. కానీ వైరు ఒలిచేటప్పుడు చూడాలి, రాగి మీద గీత కూడా పడదు.

8వ తేదీ, శనివారం

దొరికింది!

మా ఆవిడ గుండీల డబ్బా బోర్లించి సైజుల వారీగా ఏరుకుంటోంది. చూస్తూ కూర్చున్నాను. తట్టింది. ఒక్కొక్కరికీ మూడేసి గుండీలు. మాట్లాడాలంటే ఒక గుండీ మధ్యలో ఉన్న గిన్నెలో వెయ్యాలి. మూడూ అయిపోతే ఆ పూటకి నోరు కట్టేసినట్టే. లాయరు అయిదు నిమిషాల్లో అయిపోతాడు, అప్పుడు మిగతావాళ్లు మాట్లాడక చస్తారా?

మా ఆవిడ యాభై ఏడు తెల్ల గుండీలు లెక్కపెట్టి సంచిలో పోసింది. కోటు గుండీలు, పెద్దవి. తర్వాత డబ్బాలో వెతికి ఇంకో మూడు తీసింది. ఎర్రవి, చిన్నపిల్ల గౌనువి.

"ఇవి మీకు" అంది.

"నాకెందుకే? నేను మాస్టార్ని."

"అందుకే. వేరే రంగు ఇస్తున్నా. ఇంకొకటి వాడుకుంటే దొరికిపోవాలి."

10వ తేదీ, సోమవారం

గుండీలు పనిచేశాయి. లాయరు నాలుగు నిమిషాల్లో ఖాళీ. తర్వాత వాడి మొహం చూడాలి, మాట గొంతులో అడ్డం పడి ఉక్కిరిబిక్కిరి అయిపోతున్నాడు. వాడు ఆగిపోయాక ఒక నిమిషం ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఆ నిమిషం ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆ తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు, పక్క నుంచి ఇంకొకడు, పెద్దాయన. గిన్నెలో గుండీలు పడుతుంటే టంగు టంగుమని ఎంత బాగుందో.

నేను మూడే వాడాను. నాలుగోసారి దగ్గాను. దగ్గు లెక్కలోకి రాదు.

12వ తేదీ, బుధవారం

చిన్న టెస్టు పెట్టాను. పందొమ్మిదిలో తప్పింది నలుగురే. నలుగురే. మేడమ్‌కి కాగితాలు చూపించాను. "ఇన్‌స్పెక్షనుకి ఇంకా పన్నెండు రోజులుంది" అన్నారు గానీ, కాగితాలు తిరిగి ఇవ్వలేదు, దగ్గర పెట్టుకున్నారు. వరండాలో ఎవరూ లేరు కదాని రెండేసి మెట్లు దిగాను. మోకాలు పట్టేసింది.

13వ తేదీ, గురువారం

మూగనోము గుండీలు ఖర్చు పెట్టడం లేదు. మూడూ మూడే. క్లాసు అయ్యాక శుభ్రంగా సంచిలో వేసి వెళ్లిపోతోంది.

14వ తేదీ, శుక్రవారం

భోజనాల వేళ ప్రాక్టికల్ రూములో టిఫిను డబ్బా విప్పుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"సార్, ఆ మినుకుమనే బల్బు."

"చెప్పమ్మా."

"మా ఇంట్లో కూడా అలాగే వెలుగుతుంది సార్. నేను విప్పి చూశాను. స్విచ్చు వచ్చే వైరుకే ఉంది. సరిగ్గానే బిగించారు. స్విచ్చులో చిన్న ఎర్రలైటు ఉంటుంది కదా సార్, ఇండికేటరు. అది తీసేస్తే ఆగిపోయింది. దాంట్లోంచి కొంచెం కరెంటు పోతోంది."

డబ్బా మూత చేతిలోనే ఉండిపోయింది. నిజమే కదా. పాత బల్బులకి ఆ పిసరు కరెంటు చాలేది కాదు, ఇప్పటి బల్బులకి చాలుతుంది. నేను ఇరవై రెండేళ్లుగా ఒకటే జవాబు చెప్తున్నాను. ఈ పిల్ల ఇంట్లో స్టూలెక్కి రెండోది కనిపెట్టింది.

"మరి క్లాసులో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు జవాబు చెప్పేశారు కదా సార్."

అంతే, వెళ్లిపోయింది. మనసులో మూగనోము అని పేరు పెట్టినందుకు కొంచెం సిగ్గేసింది. కానీ ఎంత సంతోషం. ఇదే కావాలి. ఇన్‌స్పెక్షనుకి ఇదే ప్రశ్న పెడతాను. ఆఫీసర్లకి కూడా ఈ జవాబు తెలిసి ఉండదు.

17వ తేదీ, సోమవారం

ఆదివారమంతా బోర్డు తయారు చేశాను. చెక్క మీద స్విచ్చు, హోల్డరు, ప్లగ్గు ఉన్న పాత బోర్డే, ఏళ్ల తరబడి ఈ పాఠానికి వాడుతున్నది. స్విచ్చు మార్చి ఇండికేటరు ఉన్న కొత్తది బిగించాను. ప్లగ్గు పెట్టి స్విచ్చు ఆపితే బల్బు ముద్దుగా మినుకుమంది. మా ఆవిడని పిలిచి చూపించాను. "చెడిపోయిన దాన్ని చూసి ఇంత మురిసిపోయే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది.

18వ తేదీ, మంగళవారం

రిహార్సల్ లాంటిది. వేరే ప్రశ్నతో పందొమ్మిది మందినీ ఒకే చుట్టుగా కూర్చోబెట్టాను. బాగా జరిగింది. కానీ జవాబు వచ్చేసరికి బెల్లు కొట్టి కూడా అయిదు నిమిషాలయింది, మొత్తం యాభై నిమిషాలు. ఆఫీసర్లు నలభై నిమిషాలే కూర్చుంటారట.

19వ తేదీ, బుధవారం

యాభై నిమిషాలు.

20వ తేదీ, గురువారం

ఏం చేసినా నలభై అయిదు. మధ్యలో అడ్డదారి పడతారు, మళ్లీ వస్తారు. అడ్డదారి పట్టడమే మంచిదని ట్రైనింగులో చెప్పారు. నిజమే. కానీ ఆఫీసర్లు అడ్డదారి మధ్యలో లేచి వెళ్లిపోతే నేను స్టోరులో.

21వ తేదీ, శుక్రవారం

లాయరుని పిలిచి మాట్లాడాను. మామూలుగా, అదీ ఇదీ. ఇప్పటి స్విచ్చుల్లో ఇండికేటర్లు ఎంత గమ్మత్తుగా ఉంటాయో మాటల్లో వచ్చింది. వాడు తెలివైనవాడు, కళ్లు మెరిశాయి. నేనేమీ చెప్పలేదు.

22వ తేదీ, శనివారం

దాన్ని జవాబు చెప్పడం అనరు. సూచన అంటారు. మంచి మాస్టారెవరైనా సూచన ఇస్తాడు. పైగా జవాబు కనిపెట్టింది క్లాసులోని పిల్లే కదా, క్లాసు జవాబు క్లాసుకి ఇచ్చాను. మూగనోము ఎలాగూ నలుగురి ముందు మాట్లాడదు. ఆ మాట ఎవరి నోట్లోంచో ఒకరి నోట్లోంచి బయటికి రావాలి.

మా ఆవిడకి చెప్పలేదు. చెప్పేంత విషయం కాదు.

24వ తేదీ, సోమవారం

రేపు రాస్తాను.

25వ తేదీ, మంగళవారం

అబద్ధం రాయనన్నాను కాబట్టి మొదటి నుంచీ రాస్తాను.

నిన్న పదకొండింటికి ఆఫీసర్లు వచ్చారు. ఒకాయన బట్టతల, నవ్వు మొహం. రెండో ఆవిడ నవ్వలేదు, వస్తూనే కలం మూత తీసింది. మేడమ్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. పద్దెనిమిది మంది చుట్టూ కూర్చున్నారు, పెద్దాయన మెయిన్ స్విచ్చు దగ్గర కాపలాగా నిలబడ్డాడు. మధ్య బల్ల మీద బోర్డు, గిన్నె. ఆఫీసర్లకి గుండీల పద్ధతి చెప్పాను, ఎర్రవి చూపించి మాస్టారికి కూడా మూడే అన్నాను. బట్టతలాయన భలే అన్నాడు. నా మనసు గాల్లో తేలిపోయింది.

ఆ ఆనందంలో మొదటి పది నిమిషాల్లోనే మూడు గుండీలూ వాడేశాను. ఒకటి ప్రశ్న అడగడానికి, రెండోది ప్రశ్నని ఇంకా బాగా అడగడానికి. మూడోది ఎందుకో గుర్తు కూడా లేదు. ఆఫీసర్ల ముందు నా గొంతు వినిపించాలని, అంతే.

ప్లగ్గు పెట్టారు, స్విచ్చు ఆపారు, బల్బు మినుకుమంది. ఒకరిద్దరు ఏదో మొదలుపెట్టారు. అంతలో లాయరు గుండీ వేశాడు. "సార్, ఇది ఇండికేటరు వల్ల. స్విచ్చు సరిగ్గానే ఉంది, వచ్చే వైరుకే ఉంది. ఎర్రలైటులోంచి కొంచెం కరెంటు పోతోంది." బట్టతలాయన ముందుకి వంగాడు. ఆవిడ ఏదో రాసుకుంది. నేను లోపల ఎగిరి గంతేశాను. పన్నెండు నిమిషాల్లో జవాబు.

లాయరుకి అది చాలలేదు. రెండో గుండీ వేసి బల్బు ఊడదీశాడు. "చూడండి, స్విచ్చు ఆపి ఉంది కాబట్టి ఈ హోల్డరులో ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదు" అంటూ హోల్డరు లోపల పిన్నులు చూపించడానికి వేలు పెట్టబోయాడు.

గిన్నెలో గుండీ టంగుమంది.

"చెయ్యి తియ్యి."

ఎవరి గొంతో నాకు వెంటనే తెలియలేదు. అంతకు ముందు ఎప్పుడూ వినలేదు కదా. మూగనోము లేచి నిలబడి ఉంది.

"టెస్టరు పెట్టావా?"

"పెట్టక్కర్లేదు, స్విచ్చు ఆపే ఉంది."

"టెస్టరు పెట్టి చూడు."

లాయరు ఆఫీసర్ల వైపు చూసి నవ్వి, జేబులోంచి టెస్టరు తీసి పిన్నుకి ఆనించాడు. టెస్టరు భగ్గున నిండుగా వెలిగింది. మెయిన్ దగ్గర నిలబడ్డ పెద్దాయన ఎవరూ చెప్పకుండానే మెయిన్ ఆపేశాడు.

అప్పుడు తట్టింది. పాత బోర్డు. ఏళ్ల క్రితం నేనే కావాలని స్విచ్చుని పోయే వైరుకి బిగించి పెట్టిన బోర్డు. ఆదివారం కొత్త స్విచ్చు బిగించాను, ఇండికేటరు వెలిగింది, బల్బు మినుకుమంది, మురిసిపోయాను. వెనక వైర్లు చూడలేదు. ఆ హోల్డరులో నిండుగా కరెంటు ఉంది. వాడి వేలికీ దానికీ మధ్య ఒక్క బెత్తెడు.

మూగనోము రెండో గుండీ పడింది.

"నువ్వు విప్పి చూడలేదు. ఎవర్నీ అడగలేదు. ఇండికేటరని ఎలా చెప్పావు?" అంది ఆ అమ్మాయి. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. అది తన జవాబని ఆ పిల్లకి తెలుసు, అది నాకొక్కడికే చెప్పిందని నాకు తెలుసు.

వాడు ఆమె వైపు చూడలేదు, నా వైపు చూశాడు. వాడు చూస్తే పందొమ్మిది మందీ చూశారు. మేడమ్ చూశారు. నవ్వని ఆవిడ కలం ఆపి చూసింది.

నా దగ్గర గుండీ లేదు. అదొక్కటే నాకు దొరికిన సాకు, రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను. నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు, అనుకున్నాను. మాట్లాడకుండా ఉండటం అంత హాయిగా నాకు జీవితంలో ఎప్పుడూ అనిపించలేదు.

ఆ అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా ముందు తెల్ల గుండీ పెట్టింది. తన మూడోది.

"తీసుకోండి సార్."

తీసుకుని గిన్నెలో వేశాను. "నేనే చెప్పాను. శుక్రవారం వీణ్ణి పిలిచి చెప్పాను. ఆ జవాబు వీడిదీ కాదు, నాదీ కాదు, ఈ అమ్మాయిది. బోర్డు తప్పుగా ఉంది, అదీ నేనే చూసుకోలేదు. వీడికి జవాబు ముందే తెలిసిపోయింది కాబట్టి టెస్టరు తీయలేదు. వీడికేమైనా అయి ఉంటే అది నా వల్ల."

గేటు దాకా వినపడే నా గొంతు ముందు బెంచీ దాకా కూడా వెళ్లలేదు.

తర్వాత ఎవరో ఒకరు అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. పెద్దాయన మెయిన్ దగ్గర నుంచి వచ్చి గుండీ వేశాడు. "నాకొక అనుమానం. సార్ చెప్పింది తప్పు కాదు, ఇండికేటరు వల్ల కూడా బల్బు వెలుగుతుంది. మరి జవాబు కరెక్టయి ఉండి కూడా మనిషి ఎలా పోబోయాడు?" ఇంకొకడు వేశాడు. ఇంకొకడు. బోర్డు తిప్పి వైర్లు విప్పారు. ఇండికేటరు తప్పూ, పోయే వైరు తప్పూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చంపేది రెండోదే, అని తేల్చారు. తేడా ఎలా పట్టాలి, ముందు ఏది విప్పాలి, ఏది విప్పకూడదు, బోర్డు మాస్టారే ఇచ్చినా ఎందుకు టెస్టరు పెట్టాలి. లాయరు మొహం పాలిపోయి ఉంది, అయినా మిగిలిన ఒక్క గుండీ వేసి, "నాకు తెలుసు అనుకున్నాను కాబట్టి చూడలేదు" అన్నాడు. వాడి నోట్లోంచి అంత చిన్న మాట రావడం అదే మొదటిసారి.

నలభై నిమిషాలు దాటింది. బట్టతలాయన గడియారం చూసుకుని, లేవకుండా, "మాకు కూడా గుండీలు ఇస్తారా?" అని అడిగాడు. నవ్వని ఆవిడ చెయ్యి చాపి ఒకటి తీసుకుంది. గంటా పది నిమిషాలు కూర్చున్నారు.

నేను మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి నిజంగానే. అంత గొప్ప డిస్కషను నా క్లాసులో ఎప్పుడూ జరగలేదు, అది నా తప్పు మీద జరిగింది.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. కుట్టుమిషను ఆపేసి, "ఆ పిల్లవాడికి ఏమీ కాలేదు కదా?" అని మూడుసార్లు అడిగింది. కాలేదని మూడుసార్లూ చెప్పాను.

26వ తేదీ, బుధవారం

లాయరు ఇంటికి వెళ్లాను. వాళ్ల అమ్మ టీ ఇచ్చింది. వాడు ఆవిడకేమీ చెప్పలేదట. నేనే చెప్పాను. ఆవిడ వాడి చెయ్యి ఒకసారి పట్టుకుని చూసి వదిలేసింది.

27వ తేదీ, గురువారం

మేడమ్ స్టోరు తాళాలు టేబులు మీద పెట్టారు. రిపోర్టు ఇంకా రాలేదు, వచ్చేలోపు అక్కడి సామాను ఒకసారి చూసుకోమన్నారు. చూసుకున్నాను. కిటికీ జాలీ తుప్పు పట్టింది. అక్కడి నుంచి మా క్లాసు కనపడదు గానీ గోల వినపడుతుంది. కొత్తాయన చెప్తున్నాడు. గుండీల చప్పుడు లేదు.

మధ్యాహ్నం మూగనోము కటింగ్ ప్లేయరు కోసం వచ్చింది. సంతకం పెట్టించుకున్నాను.

"నీ జవాబు వాడుకున్నానమ్మా. నిన్ను అడగలేదు."

"తెలుసు సార్."

"మరి ఎందుకిచ్చావు, ఆ గుండీ?"

"మీ దగ్గర లేదు కదా సార్" అంది.

28వ తేదీ, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. మేడమ్ చదివి వినిపించారు, నేను రెండోసారి చదివించుకున్నాను, గుర్తున్నంత వరకు రాస్తాను. మాస్టారు జవాబు ముందే చెప్పారు, ఇది తప్పు. బోర్డు సరిచూడలేదు, ఇది ఇంకా పెద్ద తప్పు, రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకోవాలి. విద్యార్థులు రెండు తప్పులనూ తామే పట్టుకుని, తామే చర్చించి సరిదిద్దారు, ఇలాంటిది మేము ఏ క్లాసులోనూ చూడలేదు. బ్యాచ్‌ను మార్చవద్దు. కింద వేరే రాతలో, ఆవిడదే అయి ఉంటుంది: ఇకపై మాస్టారు తయారు చేసిన ప్రతి బోర్డునూ విద్యార్థి ఒకరు ముందుగా సరిచూడాలి.

స్టోరు తాళాలు తీసి మేడమ్ టేబులు మీద పెట్టాను. ఆత్రంలో గట్టిగా పడ్డాయి. ఆవిడ మొదటిసారి నా ముందు నవ్వారు.

"ఎవర్ని పెడతారు సరిచూడటానికి?"

పేరు చెప్పాను. అసలు పేరు.

1వ తేదీ, సోమవారం

కొత్త ప్రశ్న: ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. బోర్డు పొద్దున్నే ఆ అమ్మాయి చూసింది. ఒక స్క్రూ వదులుగా ఉందని నాతోనే బిగించింది.

యాభై అయిదు నిమిషాలు పట్టింది. జవాబు ఇంకా రాలేదు. రేపు మళ్లీ కూర్చుంటారట, భోజనం మానేసి కూడా కూర్చుంటామన్నారు. నాకు జవాబు తెలుసు. నాలుక చివర పెట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చాను.

మా ఆవిడ చొక్కా ఉతకడానికి తీసి జేబులో చెయ్యి పెట్టింది. రెండు ఎర్ర గుండీలు బయటికి వచ్చాయి. వాటిని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"మిగిలాయా?"

"మిగిలాయి."

ఆ అమ్మాయి దగ్గర మాత్రం ఒక్కటీ మిగల్లేదు. మూడూ మొదటి పావుగంటలోనే అయిపోతే, పెద్దాయన చేతిలోది లాక్కుని మరీ వేసింది.